ఫేర్ ఐల్ వెస్ట్: రెండోసారికి నిలబడింది

నిన్న రాత్రి పన్నెండింటికి నా ఫేర్ ఐల్ వెస్ట్, అంటే రంగుల డిజైన్లతో అల్లిన చేతుల్లేని స్వెటర్, పూర్తయింది. మేం స్కాట్లండ్‌లో అబర్డీన్‌లో ఉంటాం. ఫేర్ ఐల్ అంటే ఇక్కడికి ఉత్తరాన షెట్లాండ్, ఆర్క్‌నీ దీవుల మధ్య ఉన్న చిన్న దీవి. ఈ అల్లికకి ఆ పేరు అక్కడిదే. 1920లలో వేల్స్ యువరాజు తొడుక్కున్నాక ప్రపంచమంతా పాకింది.

అల్లడం కష్టం కాదు. వరసకి రెండే రంగులు, చేతికొకటి. వాడని రంగు పోగు వెనక వదులుగా పోవాలి, అంతే. అసలు పరీక్ష తర్వాత. వెస్ట్ అంతా గొట్టంలా అల్లి, చేతులు దూర్చే చోట కొన్ని కుట్లు అదనంగా వేస్తారు. ఆ పట్టీని స్టీక్ అంటారు. చివర్లో దాన్ని నిలువునా కత్తెరతో కోయాలి!

మొదటిసారి ఊలు కొన్న షాపులో ముందే అడిగాను, కత్తిరిస్తే పరవాలేదా అని. "ఏ ఊలైనా ఒకటే, ఇదైతే వాషింగ్ మెషీన్‌లో కూడా వేసుకోవచ్చు" అన్నారు. అది సూపర్‌వాష్ ఊలు. ఉతికితే ముడుచుకుపోకుండా దాని పోగుల మీది సన్నని పొలుసుల్ని రసాయనాలతో అణిచేస్తారు, అందుకే పోగుకి పోగు అంటుకోదు. మూడు నెలల పని. కత్తెర పెట్టగానే కుట్లు ఒక్కొక్కటే జారిపోతుంటే రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది. షాపుకి తీసుకెళ్తే, నలుగురి ముందు "ముందు చిన్నవి నేర్చుకోవాల్సింది" అన్నారు. నేను ఎనిమిదో ఏట మా అమ్మమ్మ దగ్గర సూదులు పట్టాను. తెలియకపోతే తెలియదనాలి. తెలియని మాట చెప్పి అమ్మడం మోసమే.

ఇది సరిగ్గా నేర్చుకుందామని ఒక సాయంత్రం ఓడెక్కి పొద్దున్నకి షెట్లాండ్‌లోని లెర్విక్ ఊళ్లో దిగాను. అక్కడ నేర్పిన పెద్దావిడ నడుముకి చిల్లుల తోలు బెల్టు, అందులో గుచ్చిన సూది. దాన్ని మాకిన్ బెల్ట్ అంటారు. 1588లో ఓడ పగిలి దీవికి చేరిన స్పెయిన్ నావికులే ఈ డిజైన్లు నేర్పారటగా అన్నాను. "అది కథే, ఆధారం లేదు" అంది. ఆవిడ స్టీక్ కోసి, అంచు పట్టుకుని లాగి చూపించింది. ఒక్క కుట్టు కదల్లేదు. షెట్లాండ్ ఊలు గరుకు, ఒకదాన్నొకటి పట్టుకుంటుంది.

లేబుల్ మీద సూపర్‌వాష్ అని ఉంటే, కత్తెర పెట్టే పనికి ఆ ఊలు కొనకండి.

నిన్న నాదీ కోశాను. కదల్లేదు. వెనక పోగులు ఎంత సాఫీగా వచ్చాయంటే, తిరగేసి ఎవరికైనా చూపిస్తాను. తడిపి తువ్వాలు మీద ఆరేశాను, ఇల్లంతా గొర్రె వాసన.