దిష్టిబొమ్మతో పదకొండు సెషన్లు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడమీది గదిలో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి డైస్ పడటం మొదలైతే ఏడింటి దాకా ఆగదు. ఆడేది నలుగురం, నడిపేది మా డీఎం, అంటే కథ చెబుతూ మిగతా పాత్రలన్నీ తానే పలికే డంజన్ మాస్టర్. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒక్కొక్కరం ఒక క్యారెక్టర్‌గా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ అల్లుకునే ఆట. మాది 2014 నాటి ఐదో ఎడిషన్. నా కొత్త క్యారెక్టర్ పేరు గుమ్మడి. వాడు మనిషి కాడు. కట్టడం సగంలో ఆగిపోయిన ఇంటి ముందు వేలాడదీసిన దిష్టిబొమ్మ.

సెషన్ 0

ఆట మొదలవకముందు క్యారెక్టర్లని తయారుచేసుకునే రోజు ఇది. ముందు, పోయినసారి క్యారెక్టర్‌తో ఎక్కడ తప్పిందో రాసుకోవాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌ని చూసి పుట్టిన ఆలోచన అది: దీపంలో చిక్కుకున్న ఆత్మ. కథగా చాలా బాగుంది. తీరా ఆటలో మిగతా ముగ్గురూ గుహలోకి దిగితే నేను గోపురం మీదే ఉండిపోయాను. మూడు గంటల్లో రెండుసార్లు డైస్ వేశాను. నాలుగో సెషన్‌కి ఆ క్యారెక్టర్‌ని వదిలేశాను. వింత ఎంతైనా ఉండొచ్చు గానీ అది మిగతావాళ్ళతో కలిసి నడవగలగాలి, వాళ్ళకి ఏదో ఒక పని కల్పించాలి. ఈసారి అక్కడినుంచే మొదలుపెట్టాను.

ఇలాంటి వింత క్యారెక్టర్లు ఆడటం ఈ మధ్య పుట్టిన సరదా అనుకునేవాళ్ళకి ఒక మాట. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొట్టమొదటి రూల్ పుస్తకంలోనే దీనికి అనుమతి ఉంది. ఆటగాడు దాదాపు ఏదైనా కావచ్చు, బలహీనంగా మొదలై మెల్లగా ఎదిగితే చాలు, డ్రాగన్ కావాలంటే పిల్ల డ్రాగన్‌గా మొదలవ్వాలి అని అందులో రాశారు. మా డీఎం కూడా అదే అడిగారు: "మొదటి లెవెల్లో నీ బొమ్మకి ఏం చేతకాదు?"

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. ఆ చూపంతా తన మీదికి లాక్కోవడమే దిష్టిబొమ్మ పని. కాబట్టి వాడు దెబ్బ కొట్టేవాడు కాదు, పక్కవాడి దెబ్బకి అడ్డం పడేవాడు. ఈ మాట దొరికాక క్యారెక్టర్ వివరాల షీట్ నింపడానికి అరగంట పట్టింది.

జాతి వార్‌ఫోర్జ్డ్, అంటే ఎవరో తయారుచేసిన ప్రాణమున్న బొమ్మలు, 2019 ఎబెరాన్ పుస్తకంలోది. తిండి, నీరు, ఊపిరి అక్కర్లేదు. నిద్రకి బదులు ఆరు గంటలు కదలకుండా నిలబడితే చాలు, ఆ ఆరు గంటలూ చుట్టూ జరిగేది తెలుస్తూనే ఉంటుంది. దిష్టిబొమ్మ చేసేది అదే కదా! క్లాస్, అంటే వృత్తి, పాలడిన్: శపథం పట్టిన యోధుడు. ఆరు గుణాలకి అంకెలు మామూలు వరసవే, 15, 14, 13, 12, 10, 8. జాతి కలిపాక బలం 16, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) 15, కరిజ్మా (ఆకర్షణ) 14. హెచ్‌పీ, అంటే తట్టుకోగల గాయం, 12. చెయిన్ మెయిల్ కవచానికి 16, డాలుకి 2, వార్‌ఫోర్జ్డ్ ఒంటికి 1, మొత్తం ఏసీ, అంటే నాకు దెబ్బ తగలాలంటే ఎదుటివాడు అందుకోవాల్సిన అంకె, 19. చెయిన్ మెయిల్ అని షీట్‌లో ఉంటుంది గానీ టేబుల్ దగ్గర నేను చెప్పేది వేరు: ఇనుప ఊచలు, వాటిని చుట్టిన బైండింగ్ వైరు, లోపల గడ్డి. డాలు అంటే సెంట్రింగ్ చెక్క. రూలు మార్చకుండా వేషం మాత్రం మార్చుకోవడానికి డీఎంలు సాధారణంగా అడ్డు చెప్పరు. మొదటిసారి ఆడేవాళ్ళు ఇదే దారి పట్టండి, కొత్త రూల్స్ రాయకండి.

మినీ

మినీ అంటే మ్యాప్ మీద క్యారెక్టర్‌కి గుర్తుగా పెట్టే చిన్న బొమ్మ. దీని మీద రెండు సాయంత్రాలు పెట్టాను. మా మిగతా మినీలన్నీ ఏటికొప్పాక బొమ్మలే. అంకుడు కర్ర, లక్క రంగులు, రెండంగుళాల ఎత్తు. గుమ్మడిని మాత్రం నేనే చేశాను. ఎముకలకి అగరుబత్తి పుల్లలు, ఒంటికి కొబ్బరి పీచు, కట్టడానికి పాత ఇయర్‌ఫోన్‌లోంచి తీసిన రాగి తీగ. తలకి కుంకుడు గింజ. సహజంగానే నల్లగా నున్నగా ఉంటుంది, దాని మీద అగ్గిపుల్ల కొసతో తెల్ల చుక్కలు పెడితే కుండ తలకాయ దిగిపోయింది. గింజకి రంధ్రం చేయబోతే రెండు పగిలాయి. మూడోదాన్ని గరుకు కాగితంతో కొంచెం రుద్ది ఫెవిక్విక్‌తో అతికించాను, గట్టిగా నిలిచింది.

అడుగున మొదట ఇనుప వాషర్లు వాడేవాళ్ళం. సముద్రం దగ్గర, ఉప్పుగాలికి రెండు నెలల్లో తుప్పు పట్టి మ్యాప్ నిండా మరకలు. ఇప్పుడు పాత క్యారం బిళ్ళలు వాడుతున్నాం. అవి అంగుళం గడిలో పట్టవు కాబట్టి చార్ట్ మీద మూడున్నర సెంటీమీటర్ల గళ్ళు గీశాను. 70 బై 56 చార్ట్‌లో 20 బై 16 గళ్ళు వస్తాయి, ఒక రేవు వీధికి సరిపోతుంది. గడి ఎంతైనా ఆటలో అది ఐదడుగులే.

సెషన్ 3

మిగతావాళ్ళ గురించి చెప్పాలి. ఇద్దరు మామూలువాళ్ళు, ఒక మనిషి దొంగ, ఒక డ్వార్ఫ్ (పొట్టి జాతి) క్లెరిక్, అంటే దైవశక్తితో మంత్రాలు వేసేవాడు. అలా ఉండటం అవసరం. నలుగురూ వింతలైతే పూటకూళ్ళ ఇంట్లో గది అడిగేదెవరు?

రెండో వింత మా పెద్దమ్మ కూతురిది. అక్క ఆడేది కెంకు, కాకి మొహం ఉన్న జాతి. 2016 పుస్తకం ప్రకారం కెంకుకి సొంత మాట లేదు, విన్నదాన్ని అనుకరించడమే. 2022లో ఆ ఆంక్ష తీసేశారు. అక్క కావాలనే పాతదే ఉంచుకుంది. కెంకుల పేర్లు కూడా చప్పుళ్ళే. ఆమె కెంకు పేరు లంగరు గొలుసు జారే చప్పుడు. తాళంచెవుల గుత్తిని బల్ల అంచు మీద మెల్లగా లాగి, చివర్న టక్కున వదులుతుంది. మేము పిలవాలన్నా అదే గుత్తి అడిగి తీసుకుంటాం.

ఆమె దగ్గర ఒక రూళ్ళ నోటుపుస్తకం ఉంది, శబ్దాల చిట్టా. ఆటలో ఎవరైనా అన్న వాక్యం, అన్నది ఎవరు, ఏ సెషన్‌లో. అందులో లేని వాక్యం పలకదు. ఈ సెషన్‌లో గుమ్మడి పాత యజమాని ఇంటి దగ్గర ఒక తాపీమేస్త్రి తగిలాడు. సున్నం కుండ దింపుతున్న కుర్రాళ్ళ మీద డీఎం ఆ మేస్త్రి గొంతుతో అరిచారు: "జాగర్తగా దింపండ్రా, మళ్ళీ దొరకదు!" అక్క వెంటనే రాసుకుంది. నాకు అప్పుడు అది పెద్దగా పట్టలేదు.

సెషన్ 5

రెండో లెవెల్, హెచ్‌పీ 20. ప్రొటెక్షన్ స్టైల్ తీసుకున్నాను. డాలు చేతిలో ఉండి, ఐదడుగుల లోపు ఉన్న తోటివాడి మీద దెబ్బ పడబోతుంటే నా రియాక్షన్ (రౌండ్‌కి ఒక్కసారి అప్పటికప్పుడు చేయగలిగే పని) ఖర్చుపెట్టి ఆ దాడికి డిసడ్వాంటేజ్ ఇవ్వచ్చు, అంటే వాడు రెండు డైస్ వేసి చిన్నది తీసుకోవాలి. చిక్కల్లా దూరమే. దొంగ ఎప్పుడూ ముప్పై అడుగులు ముందుంటాడు. ఇద్దరం మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం: తలుపు తెరిచేటప్పుడు మాత్రం పక్క గడిలో ఆగుతాడు.

బజారులో ఇంకో ఉపయోగం బయటపడింది. కొత్తవాడి కన్ను ముందు బొమ్మ మీదే పడుతుంది. నేను సంత మధ్యలో నిలబడి హెల్ప్ యాక్షన్ అంటాను, దొంగకి దాక్కోవడానికి అడ్వాంటేజ్ వస్తుంది, రెండు డైస్‌లో పెద్దది తీసుకుంటాడు. ఇది మేము రాసుకున్న రూలు కాదు, ఉన్న రూలే క్యారెక్టర్‌కి అతికింది.

సెషన్ 8

మూడో లెవెల్, హెచ్‌పీ 28. ఈ లెవెల్లో పాలడిన్ తన శపథం ఎంచుకోవాలి, నాది రిడెంప్షన్, 2017లో వచ్చిన పుస్తకంలోది. దీనికోసమే ఇన్ని వారాలు ఎదురుచూశాను. ముప్పై అడుగుల లోపు ఎవడైనా నా తోటివాణ్ణి దాడి చేసి గాయపరిస్తే, అంతే గాయం వాడికీ తగులుతుంది. విజ్‌డమ్ సేవ్, అంటే తట్టుకోవడానికి వాడు వేసే డైస్, గెలిస్తే సగం. షార్ట్ రెస్ట్‌కి, అంటే ఆటలో తీసుకునే చిన్న విరామానికి, ఒక్కసారే. ఇదీ రియాక్షనే కాబట్టి ఒక రౌండ్‌లో ప్రొటెక్షన్ వాడితే ఇది ఉండదు. మొదటిది డైస్ పడకముందు చెప్పాలి, రెండోది గాయం పడ్డాక.

ఓగ్రే అనే రాక్షసుడి గద క్లెరిక్‌కి తగిలింది, గాయం 17. నేను మా నానమ్మ దిష్టి తీసేటప్పుడు అనే మాటలే అన్నాను: "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." డీఎం సేవ్ వేశారు. డైస్ మీద 9, ఓగ్రేకి రెండు తగ్గి 7. నాకు కావలసింది 12 లోపు. ఆ 17 ఓగ్రేకీ తగిలింది. క్లెరిక్ ఆడే అబ్బాయి లేచి నిలబడి మిగతా మంత్రం పూర్తి చేశాడు.

సెషన్ 11

మా వాటా బంగారంతో గుమ్మడి కాపలా కాసిన ఇల్లు పూర్తయింది. ఇది నేనే కోరుకున్నది, సెషన్ 0లో షీట్ మీద "ఇంట్లో దీపం వెలగాలి" అని రాసుకున్నది. కానీ ఇల్లు పూర్తయితే దిష్టిబొమ్మని తీసేస్తారు. అది నాకు ఈ ఆదివారం దాకా తట్టలేదు. గృహప్రవేశానికి ముందు కుర్రాళ్ళు నిచ్చెన తెచ్చారు. గుమ్మడి అలవాటుగా తన కొక్కేనికే వేలాడుతున్నాడు. "ఏం చేస్తాడు?" అన్నారు డీఎం. కదలడు అన్నాను. వాడి పని అయిపోయింది, ఇంకేం చేస్తాడో నిజంగా తెలియలేదు.

అక్క చిట్టా తీసి వెనక్కి తిప్పింది. తాళంచెవుల గుత్తి ఒకసారి బల్ల మీద లాగింది. తర్వాత మూడో సెషన్‌లోని మేస్త్రి గొంతుతో, అదే యాసతో అంది.

"జాగర్తగా దింపండ్రా, మళ్ళీ దొరకదు!"

గదిలో కాసేపు ఎవరూ డైస్ ముట్టుకోలేదు. కుర్రాళ్ళు జాగ్రత్తగానే దింపారు. గుమ్మడి కాళ్ళు మొదటిసారి ఆ గుమ్మం ముందు నేలకి ఆనాయి.

వచ్చే ఆదివారం లోపు షీట్ మీద ఆ పాత వాక్యం చెరిపి కొత్తది రాయాలి. మినీకి ఎడమ చెయ్యి వదులైంది, రాగి తీగ ఇంకో రెండు చుట్లు చుట్టాలి. వీపున ఉన్న కొక్కెం అలాగే ఉంచుతాను.