కోట ముందు ఒక సాయంత్రం

పర్లాకిమిడిలోనే పుట్టి పెరిగాను. అయినా గజపతి రాజుల కోటను తీరిగ్గా చూసింది మాత్రం నిన్ననే. మా పాపను బడిలో ఊరి చరిత్ర రాసుకు రమ్మన్నారట. సాయంత్రం వెంటబెట్టుకుని వెళ్లాను.

మద్రాసు సెనేట్ హౌస్‌కు రూపమిచ్చిన రాబర్ట్ చిషోమ్ ఈ కోటకూ నమూనా గీశాడు. కమాను పక్కన సున్నం పెచ్చులూడి ఎర్రటి ఇటుక బయటపడింది. ఆ సందులోంచి నాలుగాకుల రావి మొక్క తొంగిచూస్తోంది. పాప వేలితో తాకగానే సున్నం పొడి జలజలా రాలింది. మనసు కలుక్కుమంది. ఆ వేరు లావైతే గోడ నిలవదు, ఇప్పుడే పీకించాలి.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఉద్యోగంలో చేరింది ఇక్కడి రాజావారి బడిలోనే అంటే పాప కళ్లు పెద్దవి చేసింది. సవర గిరిజనుల ఇళ్లకు వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మనిషి మన వీధుల్లో నడిచాడు! 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు ఇక్కడే ఉండిపోయారు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అక్కడ ఆంధ్ర. ఇవతల మేము, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా.

1900లో నౌపడా నుంచి మా ఊరికి మొదలైన రాజావారి చిన్న రైలు గురించి కూడా చెప్పాను. అప్పట్లో పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. మా నాయనమ్మ పుట్టింటికి వెళ్లింది అందులోనే.

రాత్రి పాప కోట బొమ్మ వేసింది. రావి మొక్కను కూడా వదల్లేదు. కింద ఊరి పేరు రెండు లిపుల్లో రాసింది.