మైకు లేని గొంతు కోసం

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. అప్పటి నుంచి రెండు మూడు నెలలకొకసారి నెల్లూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగడం నాకు అలవాటయింది. అక్కడ ఉండే వారం రోజుల్లో గోల్కొండా చార్మినారూ మళ్లీ చూడాలన్న కోరిక నాకు లేదు కానీ, ఒక్క నాటకమైనా చూడకుండా తిరుగు రైలెక్కితే వచ్చిన పని సగంలో వదిలేసినట్టే ఉంటుంది. శని, ఆదివారాల్లో నగరంలో ఏదో ఒక మూల నాటకం ఉంటూనే ఉంటుంది. నా చేతిలో ఉండేది మాత్రం ఒకే సాయంత్రం. ఆ సాయంత్రాన్ని ఏ నాటకానికి ఇవ్వాలో తేల్చుకోవడానికి ఈ ఆరేళ్లలో నాకు నేను కొన్ని పద్ధతులు ఏర్పరచుకున్నాను. నాలాగే అప్పుడప్పుడు నగరానికి వెళ్లే నాటకప్రియులకు పనికివస్తాయేమోనని వాటిని ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల పల్లెల్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. శ్రీరామనవమికీ, తిరునాళ్లకూ ఆయన వెంట వెళ్లి, స్టేజీకి ఒక పక్కగా పరిచిన చాప మీద ఆయన మోకాలి దగ్గర కూర్చుని నాటకాలు చూశాను. తెర లేవడానికి ముందు ఆయన ముఖ్య పాత్రధారి దగ్గరికి వెళ్లి, రంగు పూసుకుంటున్న ఆ మనిషి చేత ఒక్క పద్యపాదం మెల్లగా అనిపించుకుని, ఆ పూట గొంతు ఎక్కడ నిలుస్తుందో చూసుకుని వచ్చి కూర్చునేవారు. నాటకమంటే ముందు మనిషి గొంతు అన్న నమ్మకం నాకు అక్కడే కలిగింది. నగరంలో నాటకం ఎంచుకునేటప్పుడు నేను ఇప్పటికీ ఆ గొంతునే వెతుక్కుంటాను.

అందుకే ముందు హాలును చూస్తాను, ఆ తరువాతే నాటకాన్ని. 1961లో మొదలైన రవీంద్రభారతి అంటే నాకు గౌరవమే, ఎందరో మహానటులు నిలబడిన వేదిక అది. అయినా అంత పెద్ద హాలులో వెనక వరుసలు దొరికితే నటుడి ముఖం కనబడదు, మాట స్పీకరులో నుంచి వస్తుంది, ఎవరు మాట్లాడుతున్నారో చేతుల కదలికను బట్టి పోల్చుకోవాలి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, 2010లో బంజారాహిల్స్‌లో ఒక పాత బంగళాలో మొదలైన లామకాన్‌లోనో కూర్చుంటే ఆ దూరం ఉండదు. లామకాన్‌లో ఆరుబయట, టీ, సమోసా ముగించుకుని వచ్చి కూర్చున్న మనకు నాలుగు అడుగుల్లో నటుడు నిలబడితే, అతని కణతల మీద చెమట పట్టడం దగ్గర నుంచి, మాట అనబోయి ఆపుకోవడం వరకూ అన్నీ మనవే అవుతాయి. బెంగుళూరులో అరుంధతీ నాగ్ తన భర్త శంకర్ నాగ్ స్మారకంగా నిర్మించి 2004లో ప్రారంభించిన రంగశంకర కూడా ఇటువంటిదే. సుమారు మూడు వందల సీట్లు. వేళ కాగానే తలుపులు మూసేస్తారు, ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి రానివ్వరు. ఆ క్రమశిక్షణ మన తెలుగు సభలన్నిటికీ రావాలని నేను మనసారా కోరుకుంటాను.

ఆ కోరికకు కారణం ఉంది. మూడేళ్ల కిందట ఒక సంస్థ వేసిన సాంఘిక నాటకానికి, ప్రవేశం ఉచితమని చదివి, సాయంత్రం ఆరున్నరకల్లా వెళ్లి కూర్చున్నాను. వేదిక మీద పన్నెండు కుర్చీలు కనబడినప్పుడే నాకు అనుమానం రావలసింది. జ్యోతి ప్రజ్వలనం అయింది, అతిథులను ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలవడం అయింది, ఒక్కొక్కరి ఉపన్యాసం అయింది, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు అయ్యాయి. నాటకం మొదలయ్యేసరికి తొమ్మిది కావచ్చింది. హాలు గడువు దగ్గర పడటంతో మూడో అంకం ఎత్తేశారు. ఆ మూడో అంకంలో మాత్రమే ప్రవేశించవలసిన ఒక పిల్లవాడు, వేషం కట్టుకుని, చేతిలో బడిసంచితో స్టేజీ పక్కతెర చాటున నిలబడి ఉండటం నేను కూర్చున్న చోటికి కనబడుతూనే ఉంది. చివర అందరితో పాటు వచ్చి ఆ సంచీతోనే నమస్కారం పెట్టాడు. ఆ రోజు నుంచి ఆహ్వానపత్రికను కింది నుంచి చదవడం నేర్చుకున్నాను. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అంటూ వరుసగా పేర్లుండి, నాటకం పేరూ రచయిత పేరూ అడుగున చిన్న అక్షరాలలో ఉంటే ఆ సాయంత్రాన్ని దానికి ఇవ్వను. వందో రెండు వందలో టిక్కెట్టు పెట్టిన నాటకమే సాధారణంగా వేళకు మొదలవుతుంది. డబ్బిచ్చి వచ్చినవారిని కూర్చోబెట్టి సన్మానాలు చేయడానికి ఎవరికైనా కొంచెం జంకు ఉంటుంది కదా.

ఇక పాటలున్న నాటకాల సంగతి. నగరంలో యువబృందాలు ఇంగ్లీషులో, హిందీలో సంగీత నాటకాలు బాగానే వేస్తున్నాయి. ఒకసారి మా అమ్మాయి ఫోన్ చూపించి, "అమ్మా, దీనికి నాలుగున్నర స్టార్లున్నాయి, వెళ్దామా?" అంది. "స్టార్లు ఎవరిచ్చారో గానీ, పాటలు వాళ్లే పాడతారా, వాయిద్యాలు అక్కడే ఉంటాయా, ముందు అది కనుక్కో పాపా," అన్నాను. ఫోన్ చేస్తే, పాడేది మేమే కానీ సంగీతం ముందే రికార్డు చేసిన ట్రాకు మీద వస్తుందని చెప్పారు. తన ముచ్చట కాదనలేక వెళ్లాను. నాయిక వేషం వేసిన అమ్మాయి గొంతు నిజంగా మంచిది. రెండో భాగంలో ఆ పిల్ల స్టేజీ అంతా పరుగెత్తి వచ్చి పాట ఎత్తుకోవాలి. ఊపిరి అందక ఒక్క క్షణం ఆగింది. ట్రాకు ఆగదు కదా. అది ముందుకు వెళ్లిపోయింది, ఆ పిల్ల సగం చరణం వదిలేసి తరువాతి మాట దగ్గర దాన్ని అందుకుంది. నాకు మా నాన్న ఎడమ చేయి గుర్తుకొచ్చింది. పాత్రధారికి ఊపిరి చాలకపోయినా, పద్యం మరిచిపోయినా, ఆయన తిత్తిని మెల్లగా ఆడిస్తూ అదే స్వరాన్ని పట్టి నిలిపేవారు. పాడేవాడు తేరుకుని వచ్చేదాకా ఆ స్వరం అక్కడే ఉండేది. ఆ కాసేపూ జనానికి అదొక భావంగానే వినబడేది తప్ప తడబాటుగా తెలిసేది కాదు. పాడేవాడి కోసం ఆగగలిగే సంగీతం లేని చోట నాకు సంగీత నాటకం రుచించదు.

ఆ విషయంలో సురభి నాటక సమాజం వారి మీద నాకు పూర్తి భరోసా. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో కీచకవధ ఆడిన ఆ కుటుంబం, తరాలు మారినా నాటకాన్ని ఇంటి వృత్తిగానే నిలుపుకుంది. ఆ కుటుంబాలలో రేకందార్ నాగేశ్వరరావుగారు, అందరూ బాబ్జీ అని పిలిచేవారు, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. వారి నాటకానికి వెళితే మాత్రం ముందు వరుస కోసం పోటీపడవద్దని నా సలహా. మాయాబజారులో వస్తువులు గాలిలో తేలేటప్పుడు, నారదుడు పైనుంచి దిగేటప్పుడు, నడిమి వరుసల నుంచి చూస్తేనే ఆ మాయ మాయగా ఉంటుంది. చిన్నపిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేవారికి హైదరాబాదులో సురభికి మించిన నాటకం నేను చెప్పలేను.

సాంఘిక నాటకాలకు నా కొలత వేరు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన తరువాత పరిషత్తు నాటక పోటీలు మన కోస్తా పట్టణాలలో ఒక సంప్రదాయంగా పాతుకున్నాయి. ఊరూరా తిరిగి పదిహేను ఇరవై వేదికల మీద ఆడిన నాటిక నగరానికి వస్తే, దాన్ని చూడటానికే నేను మొగ్గుతాను. ఎక్కడ ఆగాలో, ఏ మాట జనంలోకి వెళుతుందో ఆ నటులకు ఒంటికి పట్టి ఉంటుంది. న్యాయనిర్ణేతలను దృష్టిలో పెట్టుకుని చివరి పది నిమిషాలూ ఏడిపించే నాటికలు కూడా వాటిలో ఉంటాయి. వాటికి సిద్ధపడే వెళ్లాలి.

కన్యాశుల్కం వేస్తున్నారంటే ఎన్నిసార్లయినా వెళతాను, కానీ నిడివి అడగకుండా వెళ్లను. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చయి, 1909లో గురజాడ పూర్తిగా పెంచి తిరగరాసిన ఆ నాటకాన్ని ఉన్నదున్నట్టు ఆడాలంటే ఒక సాయంత్రం చాలదు. అందరూ కుదించే ఆడతారు. ఏవి ఉంచారు, ఏవి తీసేశారు అన్నదాన్ని బట్టి ఆ బృందం గురజాడను ఎంత చదువుకుందో తెలిసిపోతుంది. మధురవాణిని రెండు రంగాలకు కుదించిన ప్రదర్శన ఒకటి చూసి నాకు నిజంగా బాధ కలిగింది.

భాష మరో సంగతి. వీడియో ముక్క ఏదైనా దొరికితే కళ్లు మూసుకుని ఒక నిమిషం వింటాను. 1897లోనే ప్రతాపరుద్రీయ నాటకంలో చాకలి పేరిగాడి చేత అతని మాటే పలికించిన వేదం వేంకటరాయశాస్త్రిగారి నాటక సమాజం మా నెల్లూరులో నడిచింది. పాత్రకు తగిన భాష అన్న పట్టింపు ఆ ఊరి మనిషిగా నాకూ ఉంది. పాలమూరు రైతు విజయవాడ కాలేజీ కుర్రాడిలా మాట్లాడితే చిన్న హాలులో అది వెంటనే తెలిసిపోతుంది. తెలంగాణ మాటలో రాసిన నాటకాలలో నాకు తెలియని పదాలు ఎన్నో వస్తాయి, అయినా ఆ మాట నిజమైనదైతే నేను ఇష్టంగా వింటాను. మా నెల్లూరు మాటను, "ఏందబ్బా, ఎట్టా" అనిపించి నవ్వించడానికి మాత్రమే వాడుకునే నాటకాలకు మాత్రం వెళ్లను.

ఇన్ని చూసుకుని వెళ్లినందుకు దక్కిన సాయంత్రం ఒకటి చెబుతాను. కిందటి ఏడాది ఎనభై మంది పట్టే ఒక చిన్న హాలులో, బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్యహరిశ్చంద్రలోని కాటి సీను ఒక్కటే వేశారు. మైకు పెట్టలేదు. హార్మోనియం, తబలా స్టేజీకి ఎడమ పక్కన ఉన్నాయి. నేను రెండో వరుసలో, ఆ వైపునే కూర్చున్నాను. హరిశ్చంద్రుడికి డెబ్భై దాటి ఉంటాయి. మొదటి పద్యంలో పై స్థాయికి వెళ్లేటప్పుడు ఆయన గొంతు జీరపోయింది. పద్యం ముగించి, భుజం మీది కర్రను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటూ, హార్మోనియం వైపు సగం తిరిగి చూపుడువేలు కొంచెం కిందికి వంచారు. వాయించే ఆయన తల ఎత్తలేదు. వచనం నడుస్తుండగానే ఆయన వేళ్లు అరశ్రుతి కిందికి జరిగాయి. ఆ మార్పును చంద్రమతి కూడా విన్నది. తన పద్యాన్ని కొత్త శ్రుతిలోనే, ఎక్కడా వెతుక్కోకుండా ఎత్తుకున్నది. ఆ తరువాత ఆ పెద్దాయన రాగం కోసం పాకులాడలేదు. వన్స్‌మోర్ల కోసం పద్యం చివర ఊపిరి పోయేదాకా రాగం లాగేవారిని నేను చాలామందిని చూశాను. ఈయన ఒక్కొక్క మాటనూ మాటగా అన్నారు. పద్యం ఎత్తుకునే ముందు ఆయన లోపలికి తీసుకునే గాలి చప్పుడు నాకు వినబడింది.

మా అమ్మాయి పక్కనే ఉంది. బయటికి వచ్చాక, "మధ్యలో ఏదో మార్చారు కదమ్మా, ఏంటది?" అని అడిగింది. మెట్రో స్టేషను దాకా నడుస్తూ శ్రుతి సంగతి చెప్పాను, వాళ్ల తాతయ్య సంగతి చెప్పాను.

వచ్చే నెల మళ్లీ వెళుతున్నాను. నిన్న రాత్రి తనే ఫోన్ చేసి, ఒక పద్యనాటకం ఉందనీ, గంటన్నర అనీ, సభ ఏమీ లేదనీ, ట్రాకు కాదు, హార్మోనియం ఉంటుందని అడిగి తెలుసుకున్నాననీ చెప్పింది. హార్మోనియం ఏ పక్కన పెడతారో కూడా అడిగి, రెండో వరుసలో ఆ వైపున రెండు టిక్కెట్లు తీసుకుందట.