తెర ఆరిపోయిన నాలుగు నిమిషాలు

2021 మార్చి నెలాఖరులో శ్రీకాకుళంలోని మా మావయ్య ఇంటి మేడ గదిలో కూర్చుని నేను ఒక అంతర్జాతీయ మూట్ కోర్టు పోటీలో వాదించాను. విల్లెం సి. విస్ మూట్ అని పిలిచే ఆ పోటీ 1993–94లో మొదలైంది. ఏటా ఈస్టర్‌కు ముందు అనేక దేశాల న్యాయ విద్యార్థులు వియన్నా చేరుకుని, ఒక కల్పిత వాణిజ్య వివాదాన్ని ముగ్గురు ఆర్బిట్రేటర్ల ఎదుట వాదిస్తారు. కరోనా వల్ల 2020లోనూ, 2021లోనూ పోటీ పూర్తిగా ఆన్‌లైన్‌లోనే జరిగింది. కళాశాల మూతపడి ఉద్దానంలోని మా ఊరికి వచ్చేసిన నాకు అక్కడ సిగ్నల్ నిలకడగా అందేది కాదు. అందుకే పోటీ జరిగిన ఆ వారం మావయ్య ఇంటికి మకాం మార్చాను.

ఆర్బిట్రేషన్ అంటే కోర్టుకు వెళ్ళకుండా, ఇరుపక్షాలూ ఒప్పుకున్న వ్యక్తుల చేత తగవు తీర్పించుకోవడం. మధ్యవర్తి అన్న మాటను మనం రాజీ కుదిర్చేవారికీ వాడుతాం కాబట్టి ఇక్కడ అది సరిపోదు. ఆర్బిట్రేటర్ రాజీ కుదర్చడు, తీర్పు చెబుతాడు. పాత తెలుగులో ఇందుకు తగవరి అనే చక్కని మాట ఉంది, అది వాడుకలోంచి జారిపోయినందుకు నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఈ తగవరుల తీర్పును వేరే దేశంలో అమలు చేయించుకునే వీలు 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం వల్ల కలుగుతుంది. అయితే ఓడిన పక్షం తన వాదన వినిపించుకోలేకపోయానని రుజువు చేస్తే, ఆ తీర్పు అమలును నిరాకరించడానికి అదే ఒప్పందం కోర్టులకు అవకాశం ఇస్తుంది. ఈ చివరి మాట బరువు ఎంతటిదో నాకు పుస్తకం చదివినప్పుడు తెలియలేదు.

ఆ ఏడాది సమస్య కరోనా టీకా పరిశోధనకు సంబంధించినది. టీకా తయారీలో వాడే వైరల్ వెక్టర్, అంటే జన్యు సమాచారాన్ని కణాల్లోకి మోసుకెళ్ళే వైరస్, లైసెన్సు మీద మరో కంపెనీకి హక్కు ఉందేమోనన్న సందేహంతో కొనుగోలుదారు వివాదానికి దిగుతాడు. విచారణ స్థలం డాన్యూబియా అనే కల్పిత దేశంలోని విండోబోనా. అది వియన్నాకు రోమన్ల కాలం నాటి పేరు. తేల్చవలసిన ప్రశ్నల్లో ఒకటి నేరుగా మా పరిస్థితినే తాకింది: సాక్షులు, నిపుణులు ఒకచోట చేరలేకపోతే వారి విచారణను ఆన్‌లైన్‌లో జరపవచ్చా? అక్టోబరులో సమస్య చేతికి వచ్చినప్పటి నుంచి వాది తరఫున ఒక మెమొరాండం, అంటే లిఖిత వాదన, ప్రతివాది తరఫున మరొకటి రాశాం, మౌఖిక వాదనలకు కూడా రెండు పక్కలా సిద్ధమయ్యాం. ప్రాథమిక దశలో ప్రతి జట్టూ నాలుగుసార్లు వాదించాలి కాబట్టి, ఇవాళ సమర్థించిన మాటను రేపు ఖండించవలసి వస్తుంది.

మా జట్టులో విచారణ పద్ధతికి సంబంధించిన భాగం నాది, దానికి ఆయువుపట్టు 18వ అధికరణం. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1985లో రూపొందించిన నమూనా చట్టంలో అది ఒక్క వాక్యమే: ఉభయ పక్షాలను సమానంగా చూడాలి, తన వాదన వినిపించుకోవడానికి ప్రతి పక్షానికీ పూర్తి అవకాశం ఇవ్వాలి. మన 1996 ఆర్బిట్రేషన్, కన్సిలియేషన్ చట్టంలోని 18వ సెక్షన్ కూడా ఇదే మాట చెబుతుంది.

మూడో రౌండు మనకు సాయంత్రం ఐదున్నరకు మొదలైంది, అక్కడ మధ్యాహ్నం రెండు. ఆ రోజు నా వంతు ఆన్‌లైన్ విచారణను సమర్థించడం. 2020 ఏప్రిల్ 6న వీడియో కాన్ఫరెన్సు విచారణలపై మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని ప్రస్తావించి, తెర మీద విన్నంత మాత్రాన న్యాయం తగ్గదని చెబుతూ ఉండగా కరెంటు పోయింది. రూటర్ ఆరిపోయింది, తెర మీది ముఖాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఫోను హాట్‌స్పాట్‌తో తిరిగి చేరేసరికి నాలుగు నిమిషాలు గడిచాయి. నాకు కేటాయించినది మొత్తం పదిహేను నిమిషాలే.

అధ్యక్ష స్థానంలో ఉన్న ఆర్బిట్రేటర్ ఆ సమయాన్ని నాకు తిరిగి ఇవ్వడానికి అభ్యంతరమా అని ప్రత్యర్థి జట్టును అడిగారు. వారు వెంటనే, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. నేను కృతజ్ఞతలు చెప్పి వాదన అందుకోబోతుండగా పక్కనున్న మరో ఆర్బిట్రేటర్ ఒక ప్రశ్న వేశారు: వారు ఒప్పుకోకపోయి ఉంటే మేము ఏం చేయాలి? ఆ క్షణంలో, మీ విచక్షణ మేరకు నిర్ణయించాలి అని మాత్రమే అనగలిగాను. ఆ జవాబు తప్పు కాదు, కానీ చాలదు. నా వాదన వినిపించుకునే అవకాశం ఎదుటివారి మంచితనం మీద ఆధారపడకూడదు. దాన్ని కాపాడటం తగవరుల బాధ్యత. అది వారి దయ కాదు, వారి విచక్షణకు చట్టం గీసిన హద్దు. అలాగని పూర్తి అవకాశం అంటే అడిగినంత సమయం కాదు, ఎందుకంటే నాకు ఇచ్చే ప్రతి నిమిషమూ అవతలి పక్షం ఎదురుచూపే. ఆ రాత్రి మా జట్టులోని నలుగురం నాలుగు ఊళ్ళ నుంచి ఫోనులో ఈ ఒక్క ప్రశ్న మీదే చాలాసేపు మాట్లాడుకున్నాం.

మర్నాడు మా వంతు మారింది. ఆన్‌లైన్ విచారణ చాలదని వాదించాలి. రాసుకున్న వాదనను చాలావరకు పక్కన పెట్టాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్ స్తంభాలు కూలిపోయాయి, ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి ఊళ్ళో ఉన్న సాక్షికీ, నిరంతరం కరెంటు ఉండే నగరంలోని సాక్షికీ ఒకే లింకు పంపినంత మాత్రాన ఇద్దరినీ సమానంగా చూసినట్టు కాదని చెప్పాను. ఆన్‌లైన్ విచారణ తప్పనిసరైతే, ముందురోజే సాంకేతిక పరీక్ష జరగాలని, సాక్షి ఉన్న గదిలో తటస్థ పరిశీలకుడు ఉండాలని, అంతరాయం వస్తే ఎవరి అనుమతీ అడగనక్కరలేకుండా గడియారం ఆపాలని ముందుగానే ఉత్తర్వులో రాయమని కోరాను. ముందు రోజు జరిగినది ఆ ముగ్గురికీ తెలియదు, నేనూ చెప్పలేదు. ఆ చివరి షరతును మరోసారి చదవమని వారిలో ఒకరు అడిగి, నేను చదువుతుంటే రాసుకున్నారు.

ఆ రౌండుకు మావయ్య పక్కింటి నుంచి ఇన్వర్టర్, బ్యాటరీ తెచ్చి మేడ గదిలో పెట్టించాడు. ఆ సాయంత్రం కరెంటు పోలేదు.