చందుర్తి బల్ల: నాలుగో నెల పని

1758 నాటి చందుర్తి యుద్ధాన్ని చిన్న బొమ్మలతో ఒక బల్ల మీద చూపించే పని ఇది. మొత్తం 297 బొమ్మల్లో 187 పూర్తయ్యాయి. ఒక్కో బొమ్మ 50 మందికి లెక్క. ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ వైపు తెల్ల సైనికులు 470 మంది, అంటే తొమ్మిది బొమ్మలు. బెంగాలు సిపాయిలు 1,900 మంది, 38 బొమ్మలు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ వైపు తెల్లవాళ్లు పది బొమ్మలు, వాళ్ల సిపాయిలు 120, గుర్రపు దళం పది. మిగిలిన 110 ఇంగ్లీషువాళ్లతో కలిసిన విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు సైన్యం. వాటిని ఇంకా ముట్టుకోలేదు.

బొబ్బిలి యుద్ధం తెలియని తెలుగువాళ్లు ఉండరు. అది జరిగి రెండేళ్లు తిరగకుండానే, 1758 డిసెంబరులో, గొల్లప్రోలు పక్కన చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ తలపడ్డారు. ఉత్తర సర్కార్లు, అంటే ఉత్తరపు కోస్తా జిల్లాలు, ఎవరి చేతికి పోవాలో చాలావరకు అక్కడే తేలింది. బొబ్బిలిలో తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయిన విజయరామరాజు తర్వాత గద్దెనెక్కినవాడే ఈ ఆనందరాజు. ఫ్రెంచి గవర్నర్ లాలీ కబురుతో ఇక్కడి ఫ్రెంచి సేనాని బుస్సీ దక్షిణాదికి వెళ్లిపోగానే ఈయన ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి, విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. బెంగాలులో కంపెనీ పెద్ద క్లైవ్ కలకత్తా నుంచి ఫోర్డ్‌ను ఓడల మీద పంపాడు. ఇంత కథ ఉన్న ఊరికి బల్ల మీదైనా చోటు దక్కాలన్నది నా పట్టుదల.

ఈ నెలంతా ఎరుపు రంగుతోనే గడిచింది. ఈ యుద్ధానికి కీలకం ఆ రంగే మరి. బెంగాలు సిపాయిలకు ఎర్రకోట్లు ఉండేవి. దక్షిణాది సిపాయిల మీద ఫ్రెంచివాళ్లు ఆ రంగు చూసి ఎరగరు. దూరం నుంచి ఇంగ్లీషు సేన ఎడమ కొసన ఎర్రటి వరస కనిపించేసరికి తెల్లవాళ్ల దళం అదేననుకుని దాని మీదికే నడిచారు. అసలు దళం మధ్యలో, నిలువెత్తు పైరు చాటున ఉంది.

అందుకని నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. పది అడుగుల దూరం నుంచి రెండు దళాలూ ఒకేలా కనపడాలి, దగ్గరికొస్తే తేడా తెలియాలి. మొదటి విడతలో సిపాయిలకు ముదురు ఎరుపు, తెల్లవాళ్లకు లేత ఎరుపు వేశాను. గది అవతలి గోడ నుంచే తేడా తెలిసిపోయింది. 38 బొమ్మలూ కడిగి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు అన్నిటికీ ముందు గోధుమరంగు పూత, అది ఆరాక ఒకే సీసాలోని ఎరుపు రెండు పల్చటి పూతలు. తేడా అంతా తలపాగాకూ టోపీకీ, కాళ్లకూ ముఖానికీ. బొమ్మ ఎత్తు పది మిల్లీమీటర్లే కాబట్టి గుండీలూ పట్టీలూ వదిలేశాను.

పైరు సంగతి. ఇంగ్లీషు రాతల్లో మొక్కజొన్న అని అర్థమొచ్చే మాట ఉంది. ఆ నేలకు, ఆ కాలానికి జొన్నే అయ్యుంటుందని నాకనిపిస్తుంది, జొన్నచేనే వేస్తున్నాను. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్‌ను బ్లేడుతో పీలికలుగా కోసి, పీచును 13 మిల్లీమీటర్లకు కత్తిరించి, ఆకుపచ్చలో కొంచెం పసుపు కలిపి అద్దాను. పీలికలను బల్లకు అతికించవద్దు. లోపలి తొమ్మిది బొమ్మలు సమయానికి బయటికి రావాలి. సిపాయిలు చేబ్రోలు వైపు వెనక్కి తగ్గడం, ఫ్రెంచివాళ్లు వరస చెదిరి తరమడం, పక్క నుంచి ఫోర్డ్ దళం చేనులోంచి వెలువడి తుపాకులు పేల్చడం, ఆ ఊపులోనే 13 ఫిరంగులు పట్టుకోవడం, ఇదంతా చేతులతో కదిపి చూపించాలి.

బల్ల నాలుగడుగులకు మూడడుగులు. సెంటీమీటరుకు పది మీటర్ల చొప్పున పొడవు 1,200 మీటర్లు వస్తుంది. నేలకు థర్మాకోల్ వాడితే దాని మీద స్ప్రే రంగు కొట్టకండి, కరిగిపోతుంది. నాకు ఒక మూల గుంట పడింది. ఫెవికాల్‌లో సుద్దపొడి కలిపి రెండు పూతలు వేసి, ఆరాక కుంచెతో రంగు వేస్తే నిలిచింది.

ఇక ఆనందరాజు మనుషులు. 5,000 కాల్బలం, 500 గుర్రాలు. తుపాకులు కొద్దిమందికే, ఎక్కువమందికి బల్లేలూ విల్లంబులూ. ఇంగ్లీషువాళ్లు వీళ్లను ఒక్క వాక్యంలో తేల్చేశారు. కానీ ఆ సేన వెంట రాకుండా, రాజు డబ్బు సాయం చేస్తాననకుండా ఫోర్డ్ ముందుకు కదిలేవాడే కాదు. అందుకే వీళ్లకు ఒకే రంగు పులిమేయడం నాకిష్టం లేదు. ఎనిమిది రకాల తలపాగా రంగులు కలిపి పెట్టుకున్నాను. రోజుకు ఆరు బొమ్మల చొప్పున 19 రోజుల పని.

అది మొదలుపెట్టేలోపు రెండో బల్లకు నమూనా చేస్తున్నాను. ఫ్రెంచివాళ్ల చేతిలోని బందరు కోట మీద ఫోర్డ్ దాడి, 1759 ఏప్రిల్ 7 రాత్రి. చుట్టూ ఊబి, 11 బురుజులు, ఫోర్డ్ దగ్గర రెండు రోజులకు సరిపడా మందుగుండే మిగిలింది. సముద్రపు పోటు తీశాక, నడిరాత్రి ఆ బురదలో దిగారు. ఇంగ్లీషు కెప్టెన్ నాక్స్ వెంట 700 మంది సిపాయిలు నైరుతి వైపు శత్రువు దృష్టి మళ్లిస్తుంటే, అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద జరిగింది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఇసుక కలిపి, నల్లగోధుమ రంగు వేసి, పైన మెరుపు వార్నిష్ పూశాను. ఒక పూతకు తడి నేలలా ఉంది, ఊబిలా లేదు. రేపు ఇంకో రెండు పూతలు వేసి చూస్తాను.