కిక్కర్‌కు పోటీ ఎప్పుడు పెట్టాలి: మా ఫీల్డ్ గోల్ నోటుబుక్కు, మే నుంచి అక్టోబరు దాకా

మే 17, 2025, శనివారం

మా అక్క కొడుకు హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కిక్కర్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నేవాడు. ఈ ఆగస్టులో రెండవ ఏడాది ఆడవలసి ఉండగా, వాడికంటే ఒక తరగతి చిన్నవాడైన సాకర్ ఆటగాణ్ణి కూడా అదే స్థానానికి ప్రయత్నించమని కోచ్ పిలిచాడట. ఆ మాట విన్న దగ్గరనుంచీ పిల్లవాడు సరిగా అన్నం తినడం లేదని అక్క ఫోనులో చెప్పి బాధపడింది. నేను షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటూ, చాలా ఏళ్ళుగా మా ఊరి వృత్తి జట్టు షికాగో బేర్స్ ఆటలు చూస్తూ, కిక్కర్ కొట్టిన ప్రతి కిక్కునూ దూరంతో, గాలితో సహా రాసుకునే అలవాటు ఉన్నవాణ్ణి. ఈ వేసవిలో ఆ అలవాటు వాడికి పనికివచ్చేలా చేయాలని, కొత్త నోటుబుక్కు ఒకటి కొన్నాను.

"నన్ను తీసెయ్యడానికే వాణ్ణి పిలిచారు మామయ్యా" అని వాడు అన్నప్పుడు వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. పోటీ పెట్టడం తప్పా, పెట్టిన పద్ధతిలో తప్పుంటుందా అన్నది నాకూ పదేళ్ళుగా తేలని ప్రశ్న.

మే 24, శనివారం

మైదానం సిద్ధం చేసుకున్నాము. హైస్కూలు గోల్ స్తంభాల మధ్య దూరం 23 అడుగుల 4 అంగుళాలు కాగా, బేర్స్ ఆడే వృత్తి లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.లో అది 18 అడుగుల 6 అంగుళాలే. అడ్డదూలం మాత్రం రెండింటిలోనూ 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. నిచ్చెన వేసుకుని, రెండు స్తంభాల నుంచీ లోపలికి 2 అడుగుల 5 అంగుళాలు కొలిచి, అడ్డదూలానికి ఎర్రగుడ్డ పీలికలు కట్టాము. ఇప్పుడు ప్రతి కిక్కుకూ రెండు ఫలితాలు రాయవచ్చు: స్తంభాల మధ్య పడిందా, పీలికల మధ్య పడిందా. పీలికల మధ్య గురి పెట్టినవాడికి శుక్రవారం రాత్రి స్కూలు ఆటలో గోల్ విశాలంగా కనిపిస్తుందని నా ఆశ.

ఆటను ఎరగని మిత్రుల కోసం ఒక మాట. తన్నిన బంతి అడ్డదూలం పైనుంచి, రెండు స్తంభాల మధ్యనుంచి పోతే అది ఫీల్డ్ గోల్. స్నాపర్ కాళ్ళ సందునుంచి వెనక్కు విసిరిన బంతిని ఏడెనిమిది గజాల వెనుక మోకాలి మీద కూర్చున్న హోల్డర్ అందుకుని, దాని మీది లేసు కుట్లు గోల్ వైపు ఉండేలా తిప్పి నిలబెడితే, కిక్కర్ పరుగెత్తి వచ్చి తంతాడు. ఇదంతా 1.3 సెకన్లలో ముగియాలి. అంతకు మించితే ఎదుటివాళ్ళ చేతులు బంతికి అందుతాయి. కాబట్టి గోల్ తప్పిన ప్రతిసారీ తప్పు కిక్కర్‌దేనని రాయడం అన్యాయం. మా నోటుబుక్కులో "పట్టిన తీరు" అని ఒక గడి విడిగా గీసుకున్నాను.

నియమాలు ఇవి: వారానికి మూడు రోజులు, సన్నాహంతో కలిపి రోజుకు నలభై కిక్కులకు మించకూడదు, ఎందుకంటే అంతకు మించితే గజ్జ కండరం పట్టేస్తుంది. వాటిలో లెక్కలోకి వచ్చేవి రోజుకు పదే, అన్నీ 35 గజాల నుంచి. బంతిలో గాలి 13 పి.ఎస్.ఐ. ఉండేలా ప్రతి ఉదయం గేజీతో చూసుకుంటాము. లెక్కలోకి వచ్చే కిక్కుల్లో దేన్నీ "అది సన్నాహం" అంటూ తరవాత కొట్టివేయకూడదు. నాలుగింటిలో ఈ చివరిదే కష్టం.

జూన్ 14, శనివారం

రెండు వారాల లెక్క: ముప్పైకి 24, ముప్పైకి 26. పిల్లవాడి ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. మధ్యాహ్నం వాన పడి మైదానం మూసేసినందువల్ల, పాత పుస్తకాలు తెరిచి బేర్స్ కిక్కర్ల కథ వాడికి మొదటినుంచి చెప్పాను. వాడు పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఆ కథ ముక్కలుగానే తెలుసు.

2016 సెప్టెంబరులో, సీజన్ మొదలయ్యే ముందు, పదేళ్ళకు పైగా నమ్మకంగా ఆడిన రాబీ గూల్డ్‌ను బేర్స్ వదులుకుంది. ఆ తరవాత రెండేళ్ళలో ఆ స్థానంలోకి ఒకరి వెనుక ఒకరు వచ్చారు. 2018లో కోడీ పార్కీ వచ్చి 30కి 23 కొట్టాడు. నవంబరులో డెట్రాయిట్‌తో జరిగిన ఒక్క ఆటలోనే అతని నాలుగు కిక్కులు స్తంభాలకు తగిలాయి. ఆ తరవాత 2019 జనవరి 6న సోల్జర్ ఫీల్డ్‌లో, ఫిలడెల్ఫియాతో జరిగిన ప్లేఆఫ్ (ఓడితే ఇంటికే) ఆట చివరి క్షణాల్లో, 43 గజాల నుంచి అతను తన్నిన బంతి ముందు ఎడమ స్తంభానికి, ఆ పైన అడ్డదూలానికి తగిలి ఇవతల పడింది. 16-15తో బేర్స్ ఓడిపోయింది. ఎదుటి జట్టు ఆటగాడి వేళ్ళు బంతికి తగిలాయని తరవాత తేలినా పార్కీకి ఉద్వాసన తప్పలేదు. ఆ రాత్రి నేను స్టేడియంలో లేను, ఇంట్లో టీవీ ముందే ఉన్నాను; ఆ పేజీలో నా చేతిరాత ఇప్పటికీ వంకరగానే కనిపిస్తుంది.

ఆ మే నెలలో బేర్స్ ఎనిమిదిమంది కిక్కర్లను ఒకేసారి పిలిపించి, శిబిరంలోని వాళ్ళంతా చూస్తుండగా సరిగ్గా అదే 43 గజాల నుంచి తన్నించింది. అప్పట్లో నాకు అది ధైర్యంగా తోచింది. ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తుంటే, వాళ్ళు కొలిచింది కిక్కర్ల నైపుణ్యాన్నా, జట్టు మనసులోని గాయాన్నా అని సందేహం కలుగుతున్నది. వేసవి పోటీలో ఎడ్డీ పినేరో నెగ్గాడు. సెప్టెంబరులో డెన్వర్‌లో 53 గజాల కిక్కుతో ఆట గెలిపించాడు, అక్టోబరులో చార్జర్స్‌తో ఆట చివర 41 గజాల నుంచి తప్పాడు. మొత్తం ఏడాదికి 28కి 23. మరుసటి ఏడాది అతనికి గాయం కావడంతో, ఎవరూ పెద్దగా పట్టించుకోకుండా వచ్చిన కైరో సాంటోస్ 32కి 30 కొట్టి స్థానం తనదే చేసుకున్నాడు. 2023లో సాంటోస్ 38కి 35 కొట్టాడు.

పోటీ మేలు చేసిన సందర్భమూ ఉన్నది. 2012 జనవరిలో బిల్లీ కండిఫ్ 32 గజాల నుంచి తప్పడంతో బాల్టిమోర్ జట్టు 23-20తో ఓడింది. ఆ వేసవిలో డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతిలో) ఎవరూ ఎంచుకోని జస్టిన్ టకర్‌ను కండిఫ్ పక్కన నిలబెట్టి, వేసవి శిక్షణ క్యాంపు అంతా ఇద్దరినీ చూసి, ఆగస్టులో టకర్‌ను ఉంచుకున్నారు. అతను ఆ ఏడాది 33కి 30 కొట్టాడు, జట్టు లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ఒక్క కిక్కును గుర్తుంచుకుని పెట్టిన పరీక్షకూ, నెలల తరబడి పక్కపక్కన నిలబెట్టి చూడడానికీ ఎంత తేడా ఉన్నదో ఈ రెండు జట్లను చూస్తే తెలుస్తుంది.

జూలై 5, శనివారం

అయిదు వారాలు పూర్తయ్యాయి: 24, 26, 21, 27, 25. మూడవ వారం 21 పడినప్పుడు పిల్లవాడు బూట్లు విప్పి కంచె మీద విసిరాడు. వాడి పద్ధతిలో ఆ వారం మారినదేమీ లేదు. వీడియోలు పక్కపక్కన పెట్టి చూసినా నాకు ఒక్క తేడా కనబడలేదు.

ఈ నోటుబుక్కు నాకు నేర్పిన ముఖ్యమైన పాఠం ఇక్కడే ఉన్నది. నూటికి ఎనభై అయిదు కొట్టగల కిక్కర్ ఏడాదికి ముప్పై కిక్కులు కొడతాడనుకుందాం. సగటున 25 లేదా 26 పడాలి. కానీ నైపుణ్యం రవ్వంత కూడా తగ్గకుండానే, ఆరేడేళ్ళకు ఒకసారి 23 గానీ అంతకంటే తక్కువ గానీ పడతాయని సంభావ్యత లెక్క చెబుతుంది. పార్కీ 2018లో కొట్టినవి సరిగ్గా 23. అతను మంచి కిక్కర్ అని దీనితో రుజువు కాదు. ఆ ఒక్క అంకెను బట్టి చెడ్డ కిక్కర్ అని తేల్చడానికీ వీల్లేదు. బ్యాటర్‌ను వందల బంతుల మీద అంచనా వేసే మనం, కిక్కర్‌ను మాత్రం ముప్పై కిక్కుల మీద, తరచుగా వాటిలో చివరి ఒక్కదాని మీద అంచనా వేస్తున్నాము.

అందువల్ల పోటీ వల్ల కలిగే అసలు లాభం భయం కాదని నాకు అనిపిస్తున్నది. క్యాంపులో ఇద్దరు పక్కపక్కన రోజూ తన్నితే కోచ్‌కు ఏడాది ఆటల్లో దొరకనన్ని కిక్కులు నెలలో దొరుకుతాయి, పైగా ఒకే గాలిలో, ఒకే హోల్డర్ చేతిమీదుగా. అదే సీజన్ మధ్యలో, రెండు తప్పగానే మంగళవారం నలుగురిని పిలిపించి తన్నిస్తే కోచ్‌కు దొరికేవి నాలుగైదు కిక్కులు. ఉన్న కిక్కర్‌కు మాత్రం ప్రతి అడుగులోనూ అనుమానం మిగులుతుంది.

ఇదంతా విని పిల్లవాడు, "అయితే వాణ్ణి కూడా మన మైదానానికి పిలుద్దామా?" అని అడిగాడు. నేను అడగకుండానే వాడే అన్నందుకు సంతోషించాను.

ఆగస్టు 9, శనివారం

ఆ అబ్బాయి జూలై 7 నుంచి మాతో వస్తున్నాడు. ఒకరు తన్నితే ఇంకొకరు బంతి పడతారు. ప్రతి పది కిక్కులకూ మారతారు. చివరి అయిదు వారాలు మావాడివి 22, 26, 28, 23, 26. అంటే 150కి 125. ఆ అబ్బాయివి 150కి 119. మావాడి పది వారాల మొత్తం 300కి 248.

ఆరు కిక్కుల తేడా చూసి మావాడే మెరుగని చెప్పాలని నాకూ మనసు లాగింది. నిజాయితీగా లెక్కవేస్తే, ఇద్దరూ సమానులైనా అంత తేడా సులభంగా వస్తుంది. అంకె మౌనంగా ఉన్నచోట తప్పిన తీరు మాట్లాడింది. మావాడు ఆ అయిదు వారాల్లో తప్పిన 25లో 19 ఎడమకు పోయాయి. ఆ అబ్బాయివి రెండు పక్కలకూ చెదిరాయి. ఒకే పక్కకు తప్పేవాడికి ఒక్కటే దోషం ఉంటుంది, దాన్ని పట్టుకోవచ్చు. రెండు పక్కలకూ తప్పేవాడికి ఇంకా పద్ధతి కుదరలేదని అర్థం.

మావాడి దోషం ఎడమ కాలిలో దొరికింది. కుడికాలితో తన్నేవాడు ఎడమ పాదాన్ని బంతికి పక్కగా, ఒక పాదం పొడవు దూరంలో, బొటనవేలు గోల్ వైపు చూసేలా ఆనించాలి. అలసిపోయిన కొద్దీ వీడి పాదం రెండు మూడు అంగుళాలు వెనక పడుతున్నది. అప్పుడు కుడికాలు బంతిని చేరేసరికే ఎడమకు తిరిగిపోతున్నది. గడ్డి మీద సుద్దపొడితో గుర్తు గీసి, మొదటి అడుగు కొంచెం చిన్నది చేయమన్నాను. ఈ దోషాన్ని మొదట చూసినవాణ్ణి నేను కాదు. బంతి పట్టుకుని మోకాలి మీద కూర్చున్న ఆ అబ్బాయికి, నాకు పక్కనుంచి కనిపించనిది ఎదురుగా కనిపించింది.

ఆగస్టు 23, శనివారం

స్కూల్లో నిర్ణయం జరిగింది. కోచ్ ఒక సాయంత్రం ఇద్దరి చేతా మూడేసి కిక్కులు తన్నించాడు. ఆ అబ్బాయివి మూడూ పడ్డాయి, మావాడివి రెండు. ఫీల్డ్ గోల్స్, టచ్‌డౌన్ తరవాత తన్నే ఎక్స్‌ట్రా పాయింట్లు ఆ అబ్బాయికి, ఆట మొదలుపెట్టే కిక్కాఫ్‌లు మావాడికి.

నాకు కోపం వచ్చిందని రాయకుండా ఉండలేను. ఆ అబ్బాయి అర్హుడు కాడని కాదు, మూడు కిక్కులను పరీక్ష అనుకోవడం మీద. అక్క నన్ను కోచ్‌తో మాట్లాడమన్నది. నోటుబుక్కు చూపిస్తానని బయలుదేరబోతే మావాడు వద్దన్నాడు. బంతి పట్టడం ఇద్దరికీ వచ్చునని తెలిసి, కోచ్ వాణ్ణి హోల్డర్‌గా కూడా పెట్టుకున్నాడని అప్పుడు చెప్పాడు.

సెప్టెంబరు 13, శనివారం

సాన్ ఫ్రాన్సిస్కో జట్టు మంగళవారం తన కిక్కర్ జేక్ మూడీని తొలగించింది. బేర్స్ వదులుకున్నాక అక్కడ ఆడిన రాబీ గూల్డ్ తరవాత, 2023లో ఆ స్థానం కోసం డ్రాఫ్టు మూడవ రౌండులో ఎంచుకున్న కిక్కర్ ఇతడు. నిరుడు 34కి 24 కొట్టాడు. ఈ వేసవిలో క్యాంపులో పోటీకి నిలిచి నెగ్గాడు. మొదటి ఆటలోనే 27 గజాల నుంచి స్తంభానికి కొట్టాడు, ఇంకొకటి ఎదుటివాళ్ళు అడ్డుకున్నారు. అతని చోటికి వచ్చినవాడు ఎడ్డీ పినేరో, 2019లో మా బేర్స్ పోటీలో నెగ్గిన పినేరోనే. నిరుటి 34 కిక్కులు చూసి భయపడి ఉంటే వేసవిలోనే మార్చవలసింది; వేసవి పోటీ ఫలితాన్ని నమ్మి ఉంటే ఒక్క ఆటకే వదలకూడదు. రెండింటిలో దేన్ని నమ్మారో నాకు బోధపడలేదు.

మా లెక్క: హోల్డర్ గడిలో ఇంతవరకు ఒక్క తప్పు లేదు. మావాడి సొంత కిక్కులు వారానికి ఇరవైకి తగ్గించాము, దూరం 38 గజాలకు పెంచాము.

అక్టోబరు 18, శనివారం

సోమవారం రాత్రి వాషింగ్టన్‌లో, సాంటోస్‌కు గాయం కావడంతో, బేర్స్ తరఫున తన్నినవాడు ఆ జేక్ మూడీయే. అయిదింటిలో నాలుగు కొట్టాడు; చివరిది 38 గజాల నుంచి, సమయం ముగిసే క్షణాన, వానలో తడిసిన బంతితో. బేర్స్ 25-24తో గెలిచింది. అయిదు వారాల క్రితం పనికిరాడన్న కాలే ఇది. సాంటోస్ కోలుకున్నాక స్థానం అతనికే తిరిగి ఇవ్వాలని నేను అనుకుంటున్నాను. ఒక్క మంచి రాత్రి మీద ఒకరిని నిలబెట్టడం, ఒక్క చెడ్డ రాత్రి మీద ఒకరిని తీసివేయడం రెండూ ఒకే పొరపాటు. అసలు ప్రశ్నను వచ్చే జూలైలో, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అడగాలి.

నిన్న రాత్రి స్కూలు ఆటలో చల్లటి ఎదురుగాలి. రెండు ఎక్స్‌ట్రా పాయింట్లు, ఒక 31 గజాల ఫీల్డ్ గోల్, మూడూ పడ్డాయి. ఫీల్డ్ గోల్‌కు స్నాప్ తక్కువ ఎత్తులో వచ్చి నేలను రాసుకున్నా, మావాడు దాన్ని అందుకుని కుట్లు ముందుకు తిప్పి సమయానికి నిలబెట్టాడు. ఇన్నాళ్ళూ ఒక్కొక్క కిక్కుకు ఒకే పేరు రాస్తున్న గడిలో ఇద్దరి పేర్లూ రాశాను. రేపు మధ్యాహ్నం రెండు గంటలకు మైదానంలో కలుస్తాము. దూరం 40 గజాలు, గేజీ, సుద్దపొడి, ఇద్దరికీ చెరి పది కిక్కులు.