పిట్స్‌బర్గ్ ఊరి మధ్యలో మస్కీ: సెప్టెంబర్ నుంచి జనవరి దాకా నా నోట్స్

పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర కలిసినప్పుడల్లా మనవాళ్ళు ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, డౌన్‌టౌన్ బ్రిడ్జీల కింద నిజంగా అంత పొడుగు చేప ఉంటుందా అని, అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. ఉంటుందండీ. మస్కీ అంటే మస్కెలంజ్, పైక్ అనే పళ్ళ వేటచేప జాతి, నాలుగడుగుల దాకా పెరిగేవి ఈ నదుల్లోనే ఉన్నాయి. ఒహాయో నది పరివాహకంలో ఇది స్థానిక చేపే, దానికి తోడు పెన్సిల్వేనియా ఫిష్ అండ్ బోట్ కమిషన్ వాళ్ళు హేచరీల్లో చేపపిల్లల్ని పెంచి వదులుతుంటారు. ఒకప్పుడు స్టీలు మిల్లులు, బొగ్గు గనుల నీళ్ళతో పాడైపోయిన నదులివి, 1972 క్లీన్ వాటర్ యాక్ట్ తర్వాత మెల్లగా కోలుకున్నాయి, 2005లో బాస్‌మాస్టర్ క్లాసిక్ అనే పెద్ద చేపల వేట పోటీ ఇక్కడే పెట్టారు కూడా. గోదారి పక్కన కాలవల్లో కప్పపిల్లని గుచ్చి కొర్రమీనుకి గాలం వేసినవాడిని నేను, మాటు వేసి కొట్టే చేపంటే ఆ పిచ్చి ఇంకా అలాగే ఉంది.

ముందు చోటు సంగతి. అలెఘెనీ, మొనాంగహీలా రెండూ పాయింట్ స్టేట్ పార్క్ దగ్గర కలిసి ఒహాయో అవుతాయి. అక్కడినుంచి దిగువకి 6.2 మైళ్ళలో ఎమ్స్‌వర్త్ డ్యామ్, అలెఘెనీ మీద ఎగువకి 6.7 మైళ్ళలో హైలాండ్ పార్క్ డ్యామ్, మొనాంగహీలా మీద 11.2 మైళ్ళలో బ్రాడక్ డ్యామ్. ఈ మూడింటి మధ్య ఇంకే అడ్డూ లేదు, అంటే సుమారు 24 మైళ్ళు ఒకటే పెద్ద చెరువులా ఉంటుంది, దీన్నే పిట్స్‌బర్గ్ పూల్ అంటారు. ఈ డ్యామ్‌లు బార్జీలు తిరగడానికి కట్టినవి, నీళ్ళు నిలవచేయడానికి కాదు, అందుకని మట్టం పెద్దగా మారకపోయినా ప్రవాహం మాత్రం వారానికోరకంగా మారిపోతుంది. నా నోట్స్ మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చింది ఈ ఒక్క విషయమే, ఏ లూర్ (చేపలా కనిపించే ఉత్తుత్తి ఎర) వేశాం అన్నదాని కంటే ఆ రోజు నీళ్ళు ఎంత వేగంగా ఎంత మురికిగా ఎంత చల్లగా ఉన్నాయన్నదే చేప ఎక్కడుందో చెప్తుంది.

సామాను. ఎనిమిదిన్నర అడుగుల హెవీ రాడ్, 400 సైజు బెయిట్‌కాస్టర్ రీలు, 80 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన లైను), చివర లూర్‌కి ముందు లీడర్, అంటే పళ్ళకి తెగని 130 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ముక్క ఓ అడుగున్నర. మామూలు లైను డైరెక్ట్‌గా కడితే ఆ పళ్ళకి దారం తెగినట్టు తెగుతుంది, పోయేది లూర్ ఒక్కటే కాదు, నోట్లో హుక్కులతో ఆ చేప తిరగాలి, కాబట్టి లీడర్ విషయంలో పొదుపు వద్దు. లూర్లు మాత్రం తక్కువే పెట్టుకున్నా, రెండు రేకులు గిర్రున తిరిగే, వెనక వెంట్రుకల కుచ్చున్న బక్‌టెయిల్ ఒకటి, కుదిపితే అటూఇటూ జారే ఆరంగుళాల గ్లైడ్ బెయిట్, తొమ్మిదంగుళాల రబ్బరుది, అన్నిటి హుక్కుల ముల్లు ప్లయర్స్‌తో నొక్కేశా. అసలు ఖర్చంతా చేపని వదలడానికి కావాల్సిన వాటికే అయింది, పెద్ద రబ్బరు వల, పొడుగు ముక్కు ప్లయర్స్, హుక్కుని కత్తిరించే కట్టర్, దవడ తెరిచి పట్టే స్ప్రెడర్, గ్లౌజు. ఇవి లేకుండా రాడ్ ఒక్కటీ కొనుక్కుని వచ్చేవాళ్ళకి నేను గట్టిగానే చెప్తా, ఆగు తమ్ముడూ, ముందు వల కొను అని.

సెప్టెంబర్: మొదట్లో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. 80 ఫారెన్‌హీట్ దగ్గర్లో ఉంటే మస్కీ జోలికి వెళ్ళను, పోరాడి అలిసిపోయిన చేప ఆ వేడిలో వదిలినా బతకడం కష్టం. ఆ రోజుల్లో రాడ్ లేకుండా ఒడ్డులు చూడ్డానికి తిరిగా. వాషింగ్టన్స్ ల్యాండింగ్ ఉంది కదా, హెర్స్ ఐలాండ్, దాని వెనక పాయ నాకు బాగా నచ్చింది, మెయిన్ నది కొట్టుకుపోతున్నా అక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, ఒడ్డున పడిపోయిన చెట్లు ఉంటాయి, మస్కీ తినే చిన్న షాడ్ చేపలు గుంపులుగా పైకొచ్చి మెరుస్తుంటాయి. పొద్దున్నే రోయింగ్ వాళ్ళు వస్తారు, వాళ్ళకి దారి వదిలి వేసుకోవాలి. నెలాఖరుకి నీళ్ళు 70కి దిగాక బక్‌టెయిల్ వేస్తుంటే మొదటిసారి మస్కీ లూర్ వెనకాలే వచ్చింది. కాళ్ళకి రెండు గజాల దూరంలో ఆగి, రెక్కలు మాత్రం ఆడిస్తూ, లూర్‌ని చూస్తూ అలా నిలబడి, కిందకి జారిపోయింది. లేత ఆకుపచ్చ ఒళ్ళు, మీద ముదురు చారలు, పైక్ ఐతే ముదురు ఒంటిమీద లేత మచ్చలుంటాయి కాబట్టి చూడగానే తెలిసిపోతుంది.

అలా వెంబడించినప్పుడు చేయాల్సింది ఫిగర్ ఎయిట్, రాడ్ కొసని నీళ్ళలో ముంచి ఎనిమిది అంకె వేసినట్టు లూర్‌ని తిప్పాలి, మలుపులు వెడల్పుగా ఉండాలి ఎందుకంటే అంత పొడుగు చేప చిన్న మలుపు తిరగలేదు. ఐతే ఇదంతా బోటులోంచి, లేదా లోతుగా ఉండే గోడ పక్కనుంచి. రాళ్ళొడ్డు మీద నిలబడితే లోతు ఉండదు, అక్కడ చివర్లో రాడ్‌ని పక్కకి లాగి లూర్‌ని ఒడ్డు వెంబడి తీసుకెళ్ళాలి, ఎల్ ఆకారంలో. చేప వచ్చినా రాకపోయినా లూర్ విసిరిన ప్రతిసారీ చివర ఇదే చేస్తున్నా, చెయ్యి దానంతటదే చేసేదాకా.

అక్టోబర్: ఈ నెలంతా ప్రవాహం లెక్కలే. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ళ నట్రోనా గేజ్‌లో అలెఘెనీ ప్రవాహం ఫోన్‌లోనే కనిపిస్తుంది, సీఎఫ్ఎస్ అని ఉంటుంది, అంటే వరదలప్పుడు ధవళేశ్వరం, శ్రీశైలం వార్తల్లో వినే క్యూసెక్కులే. పదివేల లోపు ఉన్నప్పుడు చేపలు మెయిన్ ఒడ్డు వెంబడి, బ్రిడ్జి స్తంభాల దగ్గర, సిక్స్‌మైల్ ఐలాండ్ అంచుల్లో చెల్లాచెదురుగా కనిపించాయి. ఇరవై వేలు దాటితే అన్నీ వెనక పాయల్లోకీ వాగుల మూతుల్లోకీ చేరిపోతున్నాయి, మిల్‌వేల్ పార్క్ దగ్గర గర్టీస్ రన్ కలిసే చోటు అలాంటిదే. పెద్ద వాన పడ్డాక రెండు మూడు రోజులు నేను వెళ్ళట్లేదు, ఇక్కడ వాననీళ్ళూ మురుగునీళ్ళూ ఒకే పైపుల్లో వెళ్తాయి, అవి నిండితే నేరుగా నదిలోకే పొంగుతాయి. ఈ పాత పైపుల పని ఇంకెప్పటికి పూర్తవుతుందో గానీ, ఇంత బాగా కోలుకున్న నదిలోకి ఇప్పటికీ మురుగు వెళ్ళడం చూస్తే బాధేస్తుంది. రెండు నదుల్లో అలెఘెనీయే తేటగా ఉంటుంది, మస్కీ కళ్ళతో వేటాడే చేప కాబట్టి నేను ఎక్కువగా అటే ఉంటున్నా.

నవంబర్: గడియారాలు వెనక్కి తిప్పాక ఐదింటికే చీకటి, ఆఫీసయ్యాక అనే మాటే లేదు, వర్క్ ఫ్రం హోమ్ రోజుల్లో లంచ్ టైమూ శనివారం మధ్యాహ్నాలూ మాత్రమే. నీళ్ళు 48, ప్రవాహం తగ్గుముఖం, రెండడుగుల లోతు దాకా కనిపిస్తోంది. ద్వీపం వెనక పాయలో పడిపోయిన చెట్టు కొమ్మల పక్కనుంచి గ్లైడ్ బెయిట్‌ని బాగా నెమ్మదిగా లాగుతున్నా, ఒక కుదుపు, ఒకటి రెండు అని లెక్కపెట్టేదాకా ఆగడం, మళ్ళీ కుదుపు. ఆగిన టైములోనే తీసుకుంది, పెద్దగా కొట్టినట్టు కూడా లేదు, లైను బరువెక్కి పక్కకి జరిగింది అంతే, కొక్కెం దిగేలా గట్టిగా లాగేశా, అప్పుడు తల విదిలించడం మొదలుపెట్టింది. వలలోకి వచ్చాక వలని నీళ్ళలోనే ఉంచి పని కానిచ్చా, ఒక హుక్కు దవడ మూలలో, ఇంకోటి వల దారాల్లో చిక్కుకుంది, వల్లో చిక్కినదాన్ని కట్టర్‌తో తుంచేశా. కింది దవడ అడుగున సన్నటి రంధ్రాలు లెక్కపెట్టా, ఒక్కో పక్క ఏడేసి, పైక్‌కి ఐదు మించవు. బోర్డు మీద 39 అంగుళాలు. అడ్డంగా, ఒక చెయ్యి మొప్పల తలుపు కింద, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి ఎత్తి ఒక్క ఫోటో. నిలువుగా వేలాడదీయొద్దు, దాని బరువుకి లోపల అవయవాలు దెబ్బతింటాయి. తోక దగ్గర పట్టుకుని నీళ్ళలో నిలబెడితే కాసేపటికి తనే విదిలించుకుని వెళ్ళిపోయింది.

ఫోటో చూసినవాళ్ళందరూ పులుసు పెట్టలేదా అన్నారు. ఇక్కడి రూలు ప్రకారం కనీసం 40 అంగుళాలుంటేనే రోజుకి ఒకటి ఉంచుకోవచ్చు, ఏడాదంతా సీజనే. కానీ అంత పొడుగు రావడానికి దానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది, నేనైతే 50 అంగుళాలదైనా వదిలేస్తా. పులుసుకి క్యాట్‌ఫిష్ మార్కెట్లో దొరుకుతుంది.

డిసెంబర్, జనవరి: కయాక్ ఉన్న ఫ్రెండుతో ఒహాయో వైపు వెళ్ళాం, బ్రూనో ఐలాండ్ వెనక పాయ. నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కయాక్‌లో లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, రూలు అది, రూలు లేకపోయినా 38 డిగ్రీల నీళ్ళలో అది లేకుండా దిగకూడదు. బార్జీలు వెళ్ళిన తర్వాత వచ్చే అలలకి కయాక్ ముక్కుని ఎదురుగా తిప్పి పెట్టుకోవాలి. ఈ చలిలో రబ్బరు లూర్ అడుగుకి దగ్గరగా, అసలు కదుల్తోందా అనిపించేంత నెమ్మదిగా లాగితేనే పని, ఒక తాకిడి వచ్చింది, నిలవలేదు. రాడ్ మీద లైను వెళ్ళే రింగుల్లో (గైడ్లలో) ఐసు పడుతుంటుంది, మధ్యమధ్యలో రాడ్‌ని నీళ్ళలో ముంచితే కరుగుతుంది.

ఇకముందు ఫిబ్రవరిలో మెకీస్ రాక్స్ దగ్గర షార్టియర్స్ క్రీక్ మూతి చూడాలి. నీళ్ళు 48 దాటుతున్నాయంటే గుడ్లు పెట్టే టైము దగ్గరపడినట్టే, చట్టం ఒప్పుకున్నా అప్పుడు వాటిని వదిలేసి మళ్ళీ జూన్‌లో మొదలుపెడతా. ఎవరైనా రావాలనుకుంటే జనవరి నుంచి కొత్త ఏడాది లైసెన్సు కావాలి, పదహారు నిండిన పిల్లలకి కూడా, ఆన్‌లైన్లోనే తీసుకోవచ్చు. రాడ్, వల నా దగ్గరున్నాయి, అడుగున పట్టు ఉండే బూట్లు మాత్రం మీవి మీరు తెచ్చుకోండి, ఆ రాళ్ళు బాగా జారతాయి.